ఇంటికి పంపేటప్పుడు మా చేతిలో ఏం పెడుతున్నారు? – పెద్ద జబ్బులకు వైద్యం చేసే డాక్టర్లకు, ఆసుపత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు, నర్సులకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, ఆరోగ్య శాఖల అధికారులకు,

నమస్కారం.

మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన దగ్గర్నుంచి మీ వృత్తిలో ఉన్నవాళ్ళు ఎంత శ్రమపడతారో చూశాం. పరీక్షలు, కీమో, రేడియేషన్ విషయంలో మాకు ఏ ఫిర్యాదూ లేదు. మా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించే.

జబ్బు ఎముకల్లోకి పాకిందని, ఇక కీమోకి లొంగదని చెప్పి అమ్మను ఇంటికి పంపేశారు. డిశ్చార్జి కాగితాల్లో అప్పటిదాకా చేసిన ప్రతి పరీక్షా, ప్రతి స్కానూ ఉన్నాయి. అర్ధరాత్రి నొప్పి ఎక్కువైతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. ఎవరికి ఫోన్ చేయాలో లేదు. వెళ్ళేటప్పుడు మాతో అన్న మాట ఒక్కటే: "ఇక మేం చేయగలిగేది ఏమీ లేదు, ఇంట్లో బాగా చూసుకోండి." ఎలా చూసుకోవాలని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అమ్మ పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేక ఏడ్చేది. రాసిచ్చిన మాత్ర వేసి, అది పనిచేయకపోతే ఇంకోటి వేసి, ఎన్ని వేయొచ్చో తెలియక భయపడుతూ కూర్చునేవాళ్ళం.

పాలియేటివ్ కేర్ అనేది ఒకటుందని, పెద్ద జబ్బుల్లో నొప్పిని, బాధను తగ్గించి రోగికీ కుటుంబానికీ అండగా ఉండే వైద్యం అదని తెలిసినవాళ్ళ ద్వారా ఆలస్యంగా విన్నాం. అక్కడి డాక్టరు నొప్పి ఎక్కడ, ఎలా, ఏ వేళ వస్తోందో అడిగి తెలుసుకుని మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మొదలుపెట్టారు. మందు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో టైములు వేసి రాసిచ్చారు. కొద్ది రోజుల్లోనే అమ్మ రాత్రుళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టింది. మాతో మాట్లాడింది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ మందు, ఆ సలహా మొదటి ఆసుపత్రిలో డిశ్చార్జి రోజే ఇవ్వగలిగినవి.

అమ్మ పోయాక ఈ సంగతంతా ఆ ఆసుపత్రికి వివరంగా రాశాం. ఎవర్నీ నిందించలేదు. ఇంకో కుటుంబానికి ఇలా జరగకుండా చూడమని మాత్రం అడిగాం. జవాబు రాలేదు. మళ్ళీ రాసినా రాలేదు. అందుకే ఇప్పుడు మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ పెట్టడం లేదు. వేరే చోట్ల వైద్యం చేయించుకున్నవాళ్ళు కూడా ఇదే చెబుతున్నప్పుడు ఒక్కరి పేరు రాయడం న్యాయం కాదనిపించింది.

మేం అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి పాలియేటివ్ కేర్ అవసరం. వాళ్ళలో జీవితపు చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు 2 కోట్ల 57 లక్షల మంది. మిగతావాళ్ళు, అంటే సగం కంటే ఎక్కువ మంది, జబ్బుతోనే ఇంకా కొన్నేళ్ళు బతకాల్సినవాళ్ళు. అవసరమైనవాళ్ళలో అది అందుతున్నది దాదాపు 14 శాతం మందికే. పాలియేటివ్ కేర్‌ను ఆరోగ్య వ్యవస్థలో భాగం చేయాలని 2014లో ఆ సంస్థ విధానాలు నిర్ణయించే ప్రపంచ ఆరోగ్య సభ సభ్య దేశాలన్నిటినీ కోరుతూ తీర్మానం చేసింది. ప్రాథమిక ఆరోగ్య సేవల్లో అది కూడా అందరికీ అందాలని 2018లో కజకిస్తాన్‌లోని అస్తానాలో దేశాలన్నీ కలిసి చేసిన ప్రకటన చెప్పింది. ఇన్నేళ్ళు గడిచినా డిశ్చార్జి కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి ఇందులో ఏదీ చేరడం లేదు.

దీనివల్ల మామూలు కుటుంబాల్లో ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. అన్నిటికంటే ముందు నొప్పి. క్యాన్సర్ నొప్పికి ఏం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మూడు మెట్ల పద్ధతిగా రాసిపెట్టింది. మామూలు మాత్రతో మొదలుపెట్టి, తగ్గకపోతే బలమైన మందుకు వెళ్ళాలి. వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి. నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైము ప్రకారం ఇవ్వాలి. మా కాగితం మీద మాత్ర పేరు పక్కన "అవసరమైతే" అని రాసి ఉంది. అవసరం ఎప్పుడో తేల్చాల్సింది ఎవరు? నొప్పితో నోట మాట రాని అమ్మా, పక్కన వణికిపోతున్న మేమా? "అవసరమైతే" అని రాస్తే రోగి ఓర్చుకోగలిగినంతా ఓర్చుకుని, ఇక తట్టుకోలేనప్పుడు అడుగుతాడు. మందు పనిచేసేసరికి ఇంకొంత సమయం పడుతుంది. రోజంతా ఇలాగే గడుస్తుంది. అదే నోటి మార్ఫిన్ నాలుగు గంటలకోసారి ఇచ్చి, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనపు మోతాదు ఎంతో ముందే చెప్పి ఉంచితే ఆ భయమే ఉండదు. మార్ఫిన్ కొత్తగా కనిపెట్టిన మందు కూడా కాదు. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన మొట్టమొదటి అత్యావశ్యక మందుల జాబితాలోనే అది ఉంది. అయినా 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ నివేదిక చూస్తే గుండె తరుక్కుపోతుంది. అప్పట్లో ప్రపంచంలో ఏటా పంపిణీ అయిన మార్ఫిన్ తరహా మందులు 298.5 టన్నులైతే, అత్యంత పేద దేశాలకు చేరింది 0.1 టన్ను. చౌకగా తయారయ్యే పాత మందు ఉండి కూడా మనుషులు నొప్పితో అరుస్తూ చనిపోతున్నారు.

2. ఇంట్లో చూసుకునే మనిషి. ప్రతి ఇంట్లో ఈ బాధ్యత ఒక్కరి మీదే పడుతుంది, చాలాసార్లు అది కూతురో కోడలో భార్యో. మంచం పట్టిన మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పేటప్పుడు చర్మం రాసుకుపోకుండా దుప్పటితో ఎలా లాగాలో, నోరు ఎండిపోతే ఎలా తడపాలో, మూత్రం ట్యూబు ఎలా చూసుకోవాలో ఎవరైనా ఒక్కసారి చేసి చూపిస్తే వచ్చేస్తుంది. ఎవరూ చూపించరు. మీ వార్డులో ముగ్గురు నర్సులు షిఫ్టుల మీద చేసే పనిని ఇంట్లో ఒక్క మనిషి, ఏ శిక్షణా లేకుండా, సెలవు లేకుండా చేస్తుంది. ఆమె ఉద్యోగం పోతుంది, నడుము పడిపోతుంది, తన బీపీ మాత్రలు వేసుకోవడం మర్చిపోతుంది. తోడు వచ్చిన ప్రతిసారీ రోగి ఎలా ఉన్నారనే అడుగుతారు. నువ్వెలా ఉన్నావమ్మా, నిద్రపోతున్నావా అని ఆమెను అడిగే డాక్టరు అరుదు. పుండు పడితే మాత్రం "సరిగ్గా చూసుకోలేదా?" అని అందరి ముందూ అడుగుతారు. ఆ ఒక్క మాట ఏళ్ళ తరబడి ఆ మనిషిని తొలిచేస్తుందని దయచేసి గుర్తుపెట్టుకోండి.

3. భయంతో పెట్టే పరుగులు. ఆయాసం, వాంతులు, మలబద్ధకం, రాత్రిపూట కలవరింతలు, ఇవన్నీ నొప్పి అంతగానూ బాధపెడతాయి. వీటిలో చాలావాటిని ఇంట్లోనే అదుపు చేయవచ్చు. ఆయాసపడుతున్న మనిషిని వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, చిన్న ఫ్యానుతో ముఖానికి గాలి తగిలేలా చేస్తే ఎంతో ఊరట కలుగుతుందని, డాక్టరు సలహాతో ఇచ్చే కొద్దిపాటి మార్ఫిన్ ఆయాసాన్ని కూడా తగ్గిస్తుందని మాకు తర్వాత తెలిసింది. చివరి రోజుల్లో గొంతులో గురగురమనే శబ్దం రావచ్చని, అది వినేవాళ్ళను భయపెట్టినంతగా రోగిని బాధపెట్టదని, పక్కకు తిప్పి పడుకోబెడితే కొంత తగ్గుతుందని ముందే చెప్పి ఉంటే ఎన్ని కుటుంబాలు ఆ అర్ధరాత్రి అంబులెన్సు పిలవకుండా ఉండేవి! చెప్పరు కాబట్టి పిలుస్తారు. ఎమర్జెన్సీలో రోగి ఎవరో తెలియదు, ఇంటి దగ్గరే ఉండాలని అతను కోరుకున్నాడో లేదో తెలియదు. కాబట్టి ట్యూబులు వేస్తారు, ఐసీయూలోకి తీసుకెళ్తారు. అక్కడ చేతులు కట్టేసి ఉండగా, సొంతవాళ్ళంతా అద్దం తలుపు బయట ఉండగా మనిషి వెళ్ళిపోతాడు. అది ఎవరూ కోరుకున్నది కాదు, వైద్యం చేసిన డాక్టరు కూడా.

4. తిండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళలో పెద్ద పెద్ద గొడవలు దీని మీదే. జబ్బు ముదిరినప్పుడు ఆకలి దానంతటదే తగ్గిపోతుంది. చివరి రోజుల్లో శరీరం తిండిని, నీళ్ళను కోరదు. ఇది తెలియక కుటుంబం బతిమాలి, కోప్పడి, బలవంతంగా నోట్లో పెడుతుంది. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినకపోవడం వల్లే పోయారని తర్వాత తమను తాము నిందించుకుంటారు. "ఆకలి పోవడం జబ్బులో భాగం, మీ తప్పు కాదు" అని మీరు ఒక్క నిమిషం చెబితే చాలు.

5. నిజం దాచడం. రోగికి చెప్పొద్దని కుటుంబమే మీ చేతులు పట్టుకుంటుందని నాకు తెలుసు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ రోగికి తన ఒళ్ళు తనకు తెలుస్తుంది. చుట్టూ అందరూ నవ్వు ముఖాలు పెట్టుకుని అబద్ధాలాడుతుంటే ఆ మనిషి తన భయంతో ఒంటరిగా మిగిలిపోతాడు. ఎవరికి ఏం అప్పగించాలో, ఎవరితో ఏం చెప్పుకోవాలో, ఎక్కడ ఉండాలనుకుంటున్నాడో చెప్పే అవకాశం పోతుంది. అన్నీ ఒకేసారి మొహం మీద చెప్పేయమని నేను అడగడం లేదు. "మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ముందుగా రోగినే అడగండి. ఎంత కోరుకుంటే అంతే చెప్పండి. కుటుంబంతో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో మాకూ నేర్పండి. మా ఇళ్ళలో ఈ మాటలు మాట్లాడే అలవాటు లేదు. ధైర్యం చేసి మొదలుపెట్టేవాళ్ళు మీరే కావాలి.

6. క్యాన్సర్ కానివాళ్ళు. పాలియేటివ్ కేర్ అంటే క్యాన్సర్ వాళ్ళకే అనుకునే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్ళలో ఈ సేవలు కావాల్సినవాళ్ళలో గుండె, రక్తనాళాల జబ్బులున్నవాళ్ళ వాటాయే అన్నిటికంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. క్యాన్సర్ దాదాపు మూడో వంతు. గుండె బలహీనపడి మెట్లెక్కలేనివాళ్ళు, ఊపిరితిత్తులు పాడైపోయి ఆక్సిజన్ మీద బతుకుతున్నవాళ్ళు, డయాలసిస్‌తో అలసిపోయినవాళ్ళు, మతిమరుపు జబ్బుతో సొంతవాళ్ళనే గుర్తుపట్టలేని ముసలివాళ్ళు, వీళ్ళ బాధను కొలిచేవాళ్ళే లేరు. ఈ సేవలు అవసరమైనవాళ్ళలో కనీసం 7 శాతం చిన్నపిల్లలు. నొప్పి ఎక్కడుందో చెప్పలేని పిల్లవాడి బాధను ముఖం చూసి, ఏడుపు విని అంచనా వేయడం ఒక విద్య. అది వచ్చినవాళ్ళు ఎన్ని ఆసుపత్రుల్లో ఉన్నారు?

7. డబ్బు. లాభం ఉండదని వైద్యులకు తెలిసిన చికిత్సల కోసం కుటుంబాలు ఆస్తులు అమ్ముకుంటున్నాయి. లాభం ఉండదని వాళ్ళకు ఎవరూ స్పష్టంగా చెప్పలేదు కాబట్టి. రోగి పోయాక కూడా ఆ అప్పు బతికే ఉంటుంది, పిల్లల చదువుల మీద పడుతుంది.

8. పోయిన తర్వాత. ఆసుపత్రి లెక్కలో కేసు ముగిసింది. ఇంట్లో మాత్రం మిగిలిపోయిన మందులు, ఖాళీ మంచం, "ఇంకో చోట చూపించి ఉంటే?" అనే ప్రశ్న ఉంటాయి. పాలియేటివ్ కేర్‌లో కుటుంబం దుఃఖాన్ని పట్టించుకోవడం కూడా భాగమే. మాకు మొదటి ఆసుపత్రి నుంచి వచ్చిన ఒకే ఒక్క ఫోను చెకప్ ఆఫర్ గురించి. అమ్మ పేరు చెప్పి, ఎప్పుడొస్తారని అడిగారు.

ఈ మాటలు ఎత్తినప్పుడల్లా వినిపించే సమాధానాలు కొన్ని ఉన్నాయి. మార్ఫిన్ ఇస్తే అలవాటు పడిపోతారని, మత్తుమందు కాబట్టి చట్టం ఇబ్బందని అంటారు. మత్తుమందుల దుర్వినియోగం నిజమైన ప్రమాదమే, కట్టుదిట్టాలు ఉండాల్సిందే. కానీ మత్తుమందులను అదుపు చేసేందుకు 1961లో ఐక్యరాజ్య సమితి చేసిన ఒప్పందం తన పీఠికలోనే, నొప్పి బాధలు తగ్గించడానికి ఈ మందుల వైద్య వినియోగం తప్పనిసరి అని, అవి అందుబాటులో ఉండేలా చూడాలని రాసింది. అదుపు, అందుబాటు రెండూ ఆ ఒప్పందంలోనే ఉన్నాయి. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. నొప్పి కోసం డాక్టరు పర్యవేక్షణలో వాడేటప్పుడు శరీరం మందుకు అలవాటుపడొచ్చు, అందుకే ఒక్కసారిగా ఆపకూడదు. అది వ్యసనం కాదు. మొదటి కొద్ది రోజుల వికారం తగ్గిపోతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు కాబట్టి మొదటి రోజు నుంచే దానికి మందు ఇవ్వాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు మోతాదు జాగ్రత్తగా చూసుకోవాలి. ఇవన్నీ నేర్చుకోగలిగిన విషయాలే. నొప్పికి తగ్గట్టు మోతాదు చూసుకుంటూ ఇచ్చిన మార్ఫిన్ ఆయుష్షు తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు.

పాలియేటివ్ కేర్ అనగానే రోగి ఆశ వదిలేసుకుంటాడని మరికొందరు డాక్టర్లు వెనకాడతారు. దీనికి 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధనే జవాబు. మా అమ్మకు వచ్చినలాంటి జబ్బే, ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మామూలు చికిత్స. రెండో గుంపుకు దాంతోపాటు మొదటినుంచే పాలియేటివ్ కేర్. రెండో గుంపులో జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, కుంగుబాటు తక్కువగా ఉంది, చివర్లో వృథా చికిత్సలు తగ్గాయి. అయినా వాళ్ళు బతికిన కాలం తగ్గలేదు, పెరిగింది. మొదటి గుంపులో మధ్యస్థంగా 8.9 నెలలైతే రెండో గుంపులో 11.6 నెలలు. ప్రతి జబ్బులోనూ ఇలాగే ఆయుష్షు పెరుగుతుందని నేను అనను. కానీ ఈ సేవ రోగి ఆశను చంపుతుందనే మాట ఇక చెల్లదు.

డబ్బు లేదు, మనుషులు లేరు అనేది మూడో సమాధానం. కొద్దిపాటి వనరులతోనే చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. లండన్‌లో 1967లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ తర్వాతే డాక్టరు. ఒంటి నొప్పి, మనసు నొప్పి, కుటుంబం గురించిన బెంగ అన్నీ కలిసే రోగిని బాధిస్తాయని ఆమె చెప్పింది, వాటన్నిటినీ డాక్టరు ఒక్కరే మోయలేరని చేసి చూపించింది. ఉగాండాలో 1993లో హాస్పిస్ ఆఫ్రికా ఉగాండాను స్థాపించిన డాక్టర్ ఆన్ మెరిమన్ పొడి నుంచి నోటి ద్రవంగా మార్ఫిన్ తయారుచేయించి ఇళ్ళకు చేర్చారు. డాక్టర్లు చాలనప్పుడు, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు మార్ఫిన్ రాయవచ్చని ఆ దేశం 2004లో చట్టం మార్చుకుంది. కేరళలో 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వంటివారు మొదలుపెట్టిన పని వేల మంది వాలంటీర్లతో పెరిగింది. 2008లో ఆ ప్రభుత్వం దానికి ఒక విధానం రాసి స్థానిక పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్ళకు పంపుతోంది. ఇవి ధనవంతుల ఏర్పాట్లు కావు.

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి:

1. చికిత్స ఆపి ఇంటికి పంపే ప్రతి రోగికీ డిశ్చార్జి కాగితంతోపాటు ఒక్క పేజీ ఇవ్వండి, ఇంట్లో వాళ్ళు చదువుకోగలిగిన భాషలో. ఏ మందు ఏ టైముకు, నొప్పి పెరిగితే ఎంత, ఆయాసం వస్తే ఏం చేయాలి, వాంతులైతే ఏం చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి రావాలి, దేనికి రానక్కర్లేదు. ఈ పేజీ లేకుండా డిశ్చార్జి పూర్తయినట్టు లెక్కించొద్దు. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది రేపటినుంచే చేయవచ్చు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు.

2. ఆ పేజీ కింద ఒక ఫోన్ నంబరు ఉండాలి. రాత్రి రెండింటికి చేసినా శిక్షణ ఉన్న మనిషి ఎత్తాలి.

3. పెద్ద జబ్బులకు వైద్యం చేసే ప్రతి ఆసుపత్రిలో నోటి మార్ఫిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. దాన్ని రాయడంలో శిక్షణ పొందిన డాక్టరు కనీసం ఒకరు ప్రతి షిఫ్టులో ఉండాలి. అనుమతుల ప్రక్రియను సులభం చేయాల్సింది ఆరోగ్య శాఖ. ఆ ఫైలు ఎక్కడ ఆగిందో రోగి బంధువు వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు.

4. జబ్బు తీవ్రమైనదని తేలిన రోజే పాలియేటివ్ కేర్ బృందానికి పరిచయం చేయండి, అసలు చికిత్స కొనసాగుతూ ఉండగానే. గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, నరాల విభాగాలకూ ఇది వర్తించాలి.

5. డిశ్చార్జికి ముందు చూసుకోబోయే మనిషికి ఒక నర్సు చేసి చూపించాలి: పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం, పుండు కడగడం, ట్యూబు చూసుకోవడం. ఆ మనిషితో ఒకసారి చేయించి చూడాలి. ఆమె ఆరోగ్యం, నిద్ర గురించి కూడా అడిగి రాసుకోవాలి.

6. చెడు వార్త వరండాలో నిలబడి చెప్పొద్దు. తలుపు వేసిన గదిలో, కూర్చుని, ఫోను పక్కన పెట్టి చెప్పండి. "చేయగలిగేది ఏమీ లేదు" అనే వాక్యాన్ని వాడకండి, అది నిజం కాదు కాబట్టి. జబ్బు నయం కాకపోవచ్చు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, భయం పోగొట్టడం ఇంకా మీ చేతుల్లోనే ఉన్నాయి.

7. నడవలేని రోగుల ఇళ్ళకు వెళ్ళే నర్సులు కావాలి. ఆసుపత్రులు ఒక్కటే చేయలేకపోతే స్థానిక సంస్థలతో, వాలంటీర్లతో కలిసి చేయండి. ఆరోగ్య శాఖలు దీనికి బడ్జెట్‌లో విడిగా పద్దు పెట్టాలి.

8. వైద్య విద్యలో, నర్సింగ్ విద్యలో నొప్పి నిర్వహణ, రోగితో మాట్లాడటం పరీక్ష పెట్టే పాఠాలు కావాలి. ఇవి రాని విద్యార్థి పాస్ కాకూడదు.

9. రోగి పోయిన తర్వాత ఆ కుటుంబానికి వైద్య బృందం నుంచి ఒక్క ఫోను. ఎలా ఉన్నారు, ఏమైనా అడగాలనుకుంటున్నారా అని. రోగుల జాబితా నుంచి ఆ పేరు తీసేయండి, ఆఫర్ల సందేశాలు ఆ ఇంటికి వెళ్ళకుండా.

వైద్య వృత్తిలో ఉంటూనే ఈ పనులన్నీ ఇప్పటికే చేస్తున్న డాక్టర్లు, నర్సులు ఉన్నారు. అమ్మ చివరి వారాల్లో మాకు దొరికింది అలాంటివాళ్ళే. వాళ్ళు ఎంత కొద్దిమందితో, ఎంత మంది మధ్య పరిగెత్తుతున్నారో కూడా చూశాం. పై కోరికలు వాళ్ళ మీద ఇంకొంత బరువు పెట్టడానికి రాయలేదు. వాళ్ళకు మనుషుల్ని, మందుల్ని, అధికారాన్ని ఇవ్వమని వాళ్ళ యాజమాన్యాలను అడగడానికే రాశాను.

ఈసారైనా జవాబు కావాలి. ఈ లేఖ చదివిన ప్రతి ఆసుపత్రి యాజమాన్యం మూడు ప్రశ్నలకు నెల రోజుల్లోగా తమ నోటీసు బోర్డు మీద బహిరంగంగా సమాధానం పెట్టాలని కోరుతున్నాను. మీ ఫార్మసీలో ఈ రోజు నోటి మార్ఫిన్ ఉందా? చికిత్స ఆపి పంపిన రోగి కుటుంబం రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు ఏది? గత నెలలో అలా పంపినవాళ్ళలో ఎంత మందికి రాతపూర్వకమైన నొప్పి ప్రణాళిక ఇచ్చారు? ఆరోగ్య శాఖల అధికారులు ఇవే ప్రశ్నలకు తమ పరిధిలోని ఆసుపత్రులన్నిటి నుంచి సమాధానాలు తెప్పించి ప్రజల ముందు పెట్టాలి.

ఇట్లు,
మీ రోగి ఒకరి కూతురు